చిల్లు లేని తాబేలు

మే 4

కమ్యూనిటీ హాల్లో పెద్దవాళ్లకు వేసవి తరగతులు పెడుతున్నారు. వెళ్లి పేరిచ్చి వచ్చాను. మట్టి పని. సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం. పక్క గదిలో కొవ్వొత్తుల తయారీ కూడా ఉంది, అదైతే బట్టలు పాడవవు కదా అన్నారు మా ఆయన. నాకు మట్టి అంటేనే ఇష్టమన్నాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆ మాట వినలేదే అన్నారు. అన్నీ మీకు చెప్పి ఇష్టపడాలా అన్నాను.

ఆవిడ, అన్నయ్య కట్టుకున్నావిడ, అందులో చేరిందని మొన్న అన్నయ్య నోరు జారిన మాట నిజమే. దానికీ దీనికీ సంబంధం లేదు.

మే 6

హాలు వెనక వరండాకి గోడలు కట్టి గది చేశారు. పొడుగు బల్లలు రెండు, ఇనుప స్టూళ్లు, మూలన కుండలు తిప్పే కరెంటు సారె, గోడవార అరలు. సింకు సగం మట్టితో పూడుకుపోయింది. ఫ్యాను తిరుగుతుంది గానీ ఆ గాలి దానికే సరిపోతుంది. నేర్పే మాస్టారికి ముప్ఫై దాటి ఉండవు. మట్టిని ముట్టుకునే ముందు కూడా ఏమనుకోకు అనే రకం.

నేను వెళ్లేసరికి ఆవిడ కిటికీ పక్కన కూర్చుని మట్టి పిసుకుతోంది. నన్ను చూసి చేతులు ఆపింది. "వచ్చావా" అంది, నేనేదో వాళ్లింటికి చుట్టపుచూపుగా వెళ్లినట్టు. నేను మాస్టారి వైపు తిరిగి సబ్బు ఎక్కడుందని అడిగాను.

మూడేళ్లయింది ఆ గొంతు విని. అదే గొంతు, అప్పట్లో ఫోన్లో విన్నది. "పడుకుంది. బానే ఉంది. రేపు మాట్లాడిస్తాలే."

రాసుకుంటే కాస్త తగ్గుతుందంటారు మా ఆయన. సరే, రాస్తాను. అప్పుడు ఆయన బదిలీ మీద వేరే ఊళ్లో ఉన్నాం. అమ్మ అన్నయ్య దగ్గర ఉండేది. అన్నయ్య వంతెన పని మీద ఊరు దాటి వెళ్లాడు. అమ్మకి జ్వరమని తెలిసి రోజూ సాయంత్రం ఫోన్ చేశాను. రోజూ అదే జవాబు. పడుకుంది, బానే ఉంది. ఆఖరికి ఒక తెల్లవారుజామున అన్నయ్య ఫోన్. నేను వెళ్లేసరికి అమ్మ లేదు, మంచం మీద అమ్మలాంటిదేదో ఉంది. తర్వాత డాక్టరు నాతో అన్నాడు, నాలుగు రోజుల ముందే చెప్పానమ్మా, చూడాల్సినవాళ్లని పిలిపించుకోమని. ఎవరికి చెప్పారని అడిగితే ఆవిడ వైపు చూపించాడు.

ఆవిడ కాదనలేదు. ఎందుకు చెప్పలేదో చెప్పనూ లేదు. తల వంచుకుని అమ్మ దుప్పటి మడత పెట్టింది.

రాశాను. ఏమీ తగ్గలేదు.

మే 8

మట్టిని పలకలా ఒత్తమన్నారు. నాది బాగా వచ్చింది. ఆవిడది ఇంకా బాగా వచ్చింది.

మే 11

ఆవిడంటే అందరికీ ప్రాణం. కొవ్వొత్తుల గది నుంచి పారిపోయి వచ్చిన అక్కాచెల్లెళ్లిద్దరూ ప్రతి దానికీ ఆవిడ దగ్గరికే పరిగెడతారు. రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన ఉన్నాడు, పెద్ద మనిషి. ఆయన కూడా తన స్టూలు ఆవిడ పక్కకే జరుపుకున్నాడు. మాస్టారైతే ఆవిడ వేళ్లు చూడండి, తొందర లేదు చూడండి అని మా అందరికీ పాఠం చెప్పాడు. తొందర లేకపోవడం ఆవిడకి మొదటి నుంచీ అలవాటే. కబురు చెప్పడంలో కూడా.

ఆవిడ జాడీ మొదలుపెట్టింది. మట్టిని తాళ్లలా పేని, ఒకదాని మీద ఒకటి చుట్టి, సందులు నునుపు చేస్తోంది. డ్రైవర్ గారు ఎందుకు చేరావమ్మా అని అడిగితే, "మా అత్తయ్య పోయాక చేతులు ఊరుకోవట్లేదండీ. పొద్దున్నే ఎవరినో లేపాలి, ఎవరికో తల దువ్వాలి అనిపిస్తుంది" అంది.

మా అత్తయ్య. ఎంత ముద్దుగా పలికిందో. నా వేలు నేను చేస్తున్న గిన్నె అడుగు చీల్చుకుని అవతలికి వచ్చింది.

మే 13

అందరూ వెళ్లాక నా దువ్వెన మరిచిపోయానని వెనక్కి వచ్చాను. దువ్వెన సంచిలోనే ఉంది. అరలో ఆవిడ జాడీ మీద, గాలికి త్వరగా ఆరి పగలకుండా, తడిగుడ్డ కప్పి ఉంది. గుడ్డ తీసి మడిచి పక్కన పెట్టాను. ఫ్యాను ఆపలేదు. నేనేం చేశాను, గుడ్డ మడత పెట్టాను. ఆవిడా పెట్టింది ఒకప్పుడు.

మే 15

జాడీ మెడ దగ్గర నెర్ర విచ్చింది. ఆవిడ ముఖం ఎలా మాడుతుందో చూద్దామని ఎదురుగా కూర్చున్నాను. మాడలేదు. ఎవరో గుడ్డ తీసి మళ్లీ కప్పడం మరిచి ఉంటారులే అని, పల్చగా బంకమట్టి కలుపుకుని, నెర్ర మీద రాసి, వేలితో సర్దింది. చూస్తుండగానే మాయమైపోయింది. అక్కాచెల్లెళ్లు చప్పట్లు కొట్టారు.

ఒళ్లు మండిపోయింది. ఇంటికి వచ్చి ఊరికే మా ఆయన మీద విరుచుకుపడ్డాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.

మే 18

ఇవాళ తరగతికి వెళ్లే ముందు కొట్టుకి అన్నయ్య వచ్చాడు. నేను కళ్లజోళ్ల కొట్లో అద్దాలు బిగిస్తానని, ఏదైనా వంక కావాలని, జోడు కాడ వంచుకుని వచ్చాడు. కావాలని వంచుకున్నాడు. ఇన్నేళ్ల పనిలో ఆ మాత్రం తెలియదా నాకు. దాన్ని వేడి చేసి సరిచేస్తుంటే బూట్ల వంక చూస్తూ మొదలుపెట్టాడు. ఇద్దరూ ఒకే చోటికి వెళ్తున్నారట కదా, మంచిదే కదా, మాట్లాడుకుంటున్నారా.

"ఎవరితో?" అన్నాను.

"మీ వదినతో."

"నాకు అన్నయ్య ఒక్కడే ఉన్నాడు. వదిన లేదు."

తనకీ ఆఖరి రోజు వరకూ తెలియదన్నాడు. ఆ సంగతి ఇంతకు ముందు వందసార్లు చెప్పాడు. "మరి నీకు కోపం రాలేదా?" అని అడిగాను. జోడు పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "వచ్చింది. కానీ అన్నేళ్లు అమ్మని ఎత్తి దించింది తనే కదా" అన్నాడు.

అందుకని పాడె మీదకి కూడా తనే ఒక్కతే ఎక్కించాలా? ఆ మాట పైకి అనలేదు. అనాల్సింది.

మే 20

ఇవాళ మంచి విషయం నేర్చుకున్నాను.

వచ్చే వారం చివర బట్టీ కాలుస్తారట. హాలు పెరట్లో రేకుల షెడ్డు కింద కరెంటు బట్టీ ఉంది, బీరువా అంత. మాస్టారు చెప్పాడు: బాగా ఆరని వస్తువు లోపలికి వెళ్లకూడదు. పైకి ఆరినట్టు కనిపించినా, మందంగా ఉంటే లోపల తడి ఉంటుంది. వేడికి ఆ తడి ఆవిరై, దారి లేక, వస్తువుని పేల్చేస్తుంది. అది పోతే పోయింది, పక్కనున్నవాటిని కూడా ముక్కలు చేస్తుంది. ఆరిందో లేదో తెలియాలంటే చెంపకి ఆనించి చూడాలి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే.

పక్కనున్నవాటిని కూడానా అని అడిగాను. కూడానండి అన్నాడు. కాసేపాగి మళ్లీ అడిగాను. నా శ్రద్ధకి ముచ్చటపడ్డాడు.

మే 22

తాబేలు చేస్తున్నాను. పిడికిళ్లు రెండు కలిపినంత. లోపల తొలిచి డొల్ల చేయాలి, పొట్ట కింద సూదితో చిల్లు పెట్టాలి, ఆవిరి పోవడానికి అన్నాడు మాస్టారు. అలాగే తొలిచాను. నా దగ్గర సూది లేదు. బల్లకి అటువైపు నుంచి ఆవిడ చెయ్యి చాచింది. సూది తీసుకున్నాను. తీసుకోకపోతే అందరూ చూస్తారు.

ఫోన్లో ఫొటో తీసి మా ఆయనకి చూపించాను. "అచ్చం మీ అన్నయ్యే. గొడవ మొదలవగానే తల లోపలికి పెట్టేసుకున్నట్టుంది" అన్నారు. చాలా రోజులకి నవ్వాను.

మే 25

డ్రైవర్ గారు కప్పు చేశారు. రెండు వైపులా రెండు పెద్ద చెవులు. ఇదేం కప్పండీ, కుస్తీకి వచ్చినట్టుందని అక్కాచెల్లెళ్లు వేళాకోళం చేశారు. ఆయన భార్యకి చేతులు వణుకుతాయట. ఒక చెవి ఉన్న కప్పయితే ఒళ్లంతా పోసుకుంటుంది, గొట్టంతో తాగమంటే చిన్నపిల్లనా అని అలుగుతుంది, అందుకని రెండు చేతులా పట్టుకునేది చేస్తున్నానన్నారు. దేన్నయినా రెండు చేతులతో పట్టుకున్నవాడికి తిరుగుండదమ్మా, స్టీరింగు చూడండి అన్నారు. ఇప్పటికి రెండు పగిలాయి, ఇది మూడోది.

ఆవిడ జాడీకి మూత కూడా చేసింది. దాని మీద పట్టుకోవడానికి చిన్న బొడిపె. అందంగా ఉంది. లేదని ఎందుకు రాయాలి.

మే 27

అందరూ చేతులు కడుక్కుంటుంటే తాబేలు పొట్ట కోసి, లోపల తడిమట్టి కూరి, మళ్లీ అతికాను. చిల్లు పూడ్చి వేలితో నునుపు చేశాను. ఆవిడ దగ్గర నేర్చుకున్న పద్ధతే. చూస్తుండగానే మాయమైపోయింది.

ఇది ఆవిడ జాడీ కోసం. ఒక్క జాడీ. నా నుంచి ఆవిడ తీసుకున్నదాంట్లో ఇది ఎన్నో వంతో ఆవిడే లెక్క కట్టుకోవాలి.

మే 29

తాబేలుని ఇంటికి తెచ్చి నిన్నంతా మేడ మీద ఎండలో పెట్టాను. ఇవాళ కూడా వెళ్లేదాకా ఎండలోనే ఉంచి, సంచిలో పాత టవల్ చుట్టి పట్టుకెళ్లాను. మాస్టారు చెంపకి ఆనించి చూసి, వెచ్చగా ఉంది, బాగా ఆరిందన్నాడు. పాపం.

బట్టీలో సర్దడానికి నిదానంగా పట్టుకునే చేతులు కావాలంటే నేను ముందుకెళ్లాను. కింద అర మధ్యలో జాడీ. దాని పొట్ట పక్కన తాబేలు. డ్రైవర్ గారి కప్పు పై అరలో పెట్టాను. పై అరకి ఏమీ కాదు. మధ్యలో మందపాటి పలక ఉంది.

రేపు పొద్దున బట్టీ దగ్గర కాపలా ఎవరని అడిగి, మాస్టారే మా ఇద్దరి పేర్లూ చెప్పాడు. మేము వదినా ఆడపడుచులమని ఇవాళే తెలిసిందట. తెగ మురిసిపోయాడు.

మే 30

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు.

షెడ్డు పక్కన వేపచెట్టు నీడలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అప్పుడప్పుడు లేచి మీటరు చూసి, మీట ఒక గీత పెంచాలి, అంతే పని. మాస్టారు స్విచ్చి వేసి టిఫినుకి వెళ్లాడు. ఇద్దరం గోడ వంక చూస్తూ కూర్చున్నాం. ఆవిడ సీసాలో నీళ్లు తెచ్చింది. నేను తాగలేదు.

ఎండ కాళ్ల దాకా వచ్చేసరికి లోపల చప్పుడైంది. దిండు కింద టపాకాయ పేలినట్టు. వెనకే ఇంకో చిన్న చప్పుడు, ఏదో ఒరిగినట్టు.

ఆవిడ ఉలిక్కిపడి "ఏంటది?" అంది.

"ఇనుము వేడెక్కితే అలాగే అంటుంది" అన్నాను.

కడుపులో చల్లగా ఉండింది. అబద్ధం రాయను. మూడేళ్ల తర్వాత హాయిగా ఊపిరి తీసుకున్నాను. ఆ హాయి నా ముఖం మీద కూడా కనిపించిందేమో, ఆవిడ అది చూసి నేను మెత్తబడ్డాననుకుంది.

"ఎందుకు చెప్పలేదో నువ్వు ఒక్కసారి కూడా అడగలేదు" అంది.

"అడగడానికేముంది?"

"ఉంది" అని, బట్టీ వంకే చూస్తూ చెప్పింది.

అమ్మ ఆ ఇంట్లో ఉన్న పధ్నాలుగేళ్లూ ఆవిడని ఏమ్మా అనే పిలిచిందట. నాకు తెలుసు, నేనున్నప్పుడూ అంతే. తల దువ్వితే, పిచిక అయితే ఇలా లాగదు. దిండు సర్దితే, పిచికకి తెలుసు నాకెలా కావాలో. పిచిక అంటే నేను. చిన్నప్పుడు గింజ గింజ ఏరుకుని తినేదాన్నని అమ్మ పెట్టిన పేరు. అమ్మ తప్ప ఎవరూ పిలవరు. ఏడాదికోసారి వచ్చి వారం ఉండి వెళ్లేదాన్ని నేను, రోజూ కిందా మీదా చేసేది ఆవిడ, అయినా ఆ ఇంట్లో మంచిది పిచిక ఒక్కతే.

ఆఖర్లో జ్వరం తలకెక్కి అమ్మ మనుషుల్ని పోల్చుకోలేదట. డాక్టరు వచ్చి వెళ్లిన రోజు పొద్దున, ఆవిడ ముఖం తుడుస్తుంటే, అమ్మ చెయ్యి పట్టుకుని ఎప్పుడొచ్చావే పిచికా అంది. ఆవిడ వెనక్కి తిరిగి చూసిందట, నిజంగా నేను వచ్చానేమోనని. గుమ్మంలో ఎవరూ లేరు.

"నన్నే" అంది వదిన. "అన్నేళ్లలో మొదటిసారి నా చెయ్యి పట్టుకుంది. నువ్వొస్తే వదిలేస్తుంది. అందుకే చెప్పలేదు."

లేచి కుళాయి దగ్గరికి వెళ్లి ముఖం కడుక్కున్నాను. వచ్చి మీట ఒక గీత పెంచాను. మాస్టారికి ఫోన్ చేసి బట్టీ ఆపి తెరవొచ్చా అని అడిగాను. ఏమైందని కంగారుపడ్డాడు. ఏం కాలేదు, ఊరికే అడిగానన్నాను. ఇప్పుడు తెరిస్తే ఉన్నవన్నీ పగిలిపోతాయి, సోమవారం దాకా ముట్టుకోవద్దన్నాడు.

మే 31

అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది, నా చెయ్యి అనుకుని. అంటే పట్టుకున్నది నా చేతినే. అది కూడా ఆవిడే తీసేసుకుంది.

ఎలా తిప్పి చూసినా దొంగతనమే.

జూన్ 1

తెరిచారు.

తాబేలు పేలి, పై పలకని మోసే కాలు పక్కకి జరిగింది. పై పలక ఒరిగి, దాని మీదున్నవి జారి పడ్డాయి. జాడీ పొట్ట సగం లేదు. మూత మాత్రం చెక్కుచెదరలేదు. డ్రైవర్ గారి కప్పు నేల మీద ఉంది, చెవులు రెండూ ఊడిపోయి. అక్కాచెల్లెళ్ల పళ్లేలు పైన గోడవార ఉండటం వల్ల బతికాయి.

ఎవరూ నన్ను ఏమీ అనలేదు. కొత్తగా నేర్చుకునేటప్పుడు ఇలాంటివి జరుగుతాయన్నారు. మాస్టారు తప్పు నాదే, నేనే సరిగ్గా చూసుకోలేదు అని పేరు పేరునా అందరికీ క్షమాపణ చెప్పాడు. నాకు కూడా చెప్పాడు, మీ తాబేలు పోయిందండీ అని. డ్రైవర్ గారు కప్పు చేతిలోకి తీసుకుని, చెవులున్న చోట బొటనవేలితో తడిమి, జేబురుమాలులో కట్టుకున్నారు. నాలుగోది చేద్దాంలెండి అన్నారు.

వదిన మోకాళ్ల మీద కూర్చుని ముక్కలు ఏరుతోంది. ఒక మందపాటి ముక్క దొరికింది, తాబేలు పొట్ట. దాన్ని తిప్పి చూసింది. వేలితో రాసి చూసింది. తలెత్తి నా వంక చూసింది. మిగతా ముక్కలతో పాటు దాన్నీ తట్టలో వేసేసింది.

ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ఇంతమంది ముందు అని ఉంటే, మూడేళ్ల నుంచీ దాచుకున్నదంతా నేనూ అనేదాన్ని.

జూన్ 2

కొట్లో ఒకావిడ జోడుకి కుడి అద్దం ఎడమ వైపు బిగించాను.

జూన్ 3

తరగతికి వెళ్లలేదు. మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు వదినే వచ్చింది. జోళ్లు పెట్టి చూసుకునే వాళ్ల కుర్చీలో కూర్చుంది. మా ఇద్దరి మధ్యా అద్దం ఉంది. పక్కకి జరిపింది.

"నా సూదితోనే పొడిచావు ఆ చిల్లు. నువ్వే పూడ్చావు."

"అవును."

"కడుపు చల్లబడిందా?"

"చప్పుడు విన్నప్పుడు చల్లబడింది. ఇప్పుడు లేదు."

తలూపింది. కాసేపు బల్ల మీది స్క్రూల డబ్బా సర్దింది. చేతులు ఊరుకోవు కదా. "మొన్న చెప్పింది మన్నించమని కాదు. మళ్లీ ఆ రోజులు వస్తే మళ్లీ నీకు చెప్పను" అంది.

"నేనూ మళ్లీ తాబేలు పెడతాను."

"పెట్టుకో. నాకైతే చెప్పక్కర్లేదు. డ్రైవర్ గారికి మాత్రం నువ్వు వెళ్లి చెప్పాలి. ఆయన నీకేం చేశాడు?"

జవాబు లేకపోతే నాకు కోపం ఎక్కువవుతుంది. ఆవిడ లేచి నిలబడింది. అప్పుడొచ్చింది నాకు ఆలోచన. ముందుగా అనుకున్నది కాదు.

"ఆ రోజులు నావి" అన్నాను. "నాకిచ్చెయ్."

"ఎలా ఇవ్వను?"

"చెప్పు. ఒక్కొక్కటీ. అమ్మ ఏమందో, ఏం తాగిందో, ఎటు తిరిగి పడుకుందో. పిచికా అని ఎన్ని మాటలందో అన్నీ. ఒక్క ముక్క కూడా దాచుకోకుండా."

అప్పుడు మాడింది ఆవిడ ముఖం. నెర్ర విచ్చినప్పుడు మాడలేదు, జాడీ పగిలినప్పుడు మాడలేదు. చెయ్యి వెళ్లి కొంగు పట్టుకుంది, ఎవరో లాగేస్తున్నట్టు. ఇన్నాళ్లూ నేను తప్పు చోట కొట్టానని తెలిసింది.

సరే అంది, కొంగు వదలకుండానే.

జూన్ 5

డ్రైవర్ గారింటికి వెళ్లాను. రెండు గదులు, చాలా శుభ్రంగా ఉన్నాయి. ఆయన భార్య కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఒళ్లో చేతులు రెండూ వాటంతటవే కదులుతున్నాయి. నన్ను కూర్చోమంది. నిలబడే చెప్పాను. తాబేలు సంగతి, చిల్లు సంగతి, మా వదిన మీద కోపంతో చేశానని.

ఆయన మొదట నమ్మలేదు. నమ్మాక ముఖం ఎర్రబడింది.

"ఎవరి మీదో కోపం ఉంటే వాళ్లతో పడండి. నేను బస్సు నడిపినవాణ్ణి. వెనక సీట్లో ఒకడు నన్ను బూతులు తిట్టాడని చెట్టుకి గుద్దేశానా?"

కప్పు నేను చేసి తెస్తానన్నాను. మీరు ముట్టుకోవద్దు, నేనే చేసుకుంటానన్నారు. వెళ్లిరమ్మని కూడా అనలేదు. ఆయన భార్యే గుమ్మం దాకా వచ్చింది, వణుకుతున్న చేత్తో తలుపు పట్టుకుని.

మాస్టారికి కూడా చెప్పాను. మన్నించమని మళ్లీ ఆయనే అన్నాడు. ఈ మనిషిని ఏం చేయాలో తెలియదు.

జూన్ 8

తరగతి అయ్యాక హాలు మెట్ల మీద కూర్చుని వదిన మొదటి రోజు చెప్పింది.

ఎటు తిరిగి పడుకుంది అంటే గోడ వైపు అంది. గోడ వైపు తిరిగితే అమ్మకి ఊపిరాడదు కదా అన్నాను. ఆ రోజు మాత్రం అటే తిరిగిందట. పాత ఇంట్లో గోడ పక్కన నేను పడుకునేదాన్ని. గోడ మీద చెయ్యి వేసి నిమిరిందట. పిచికా, కాళ్లు మీద వేయకే అందట.

మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ చెప్పింది. ఏమీ వదిలేయడం లేదు కదా అని అడిగాను. లేదంది. చెప్తున్నకొద్దీ ఆవిడ గొంతు సన్నబడిపోతోంది. బాగా అయింది అనుకున్నాను.

జూన్ 10

రెండో రోజు.

సాయంత్రం నా ఫోన్ వచ్చినప్పుడు అమ్మ మెలకువగానే ఉందట. పడుకుంది అని నాతో చెప్తున్నప్పుడు, ఎవరే పిచికా ఫోన్లో అని అడిగిందట.

"ఏం చెప్పావు?"

వదిన మెట్టు మీది ఇసుక వేలితో కుప్ప చేసింది, చెరిపింది.

"చెప్పు. దాచుకోవద్దన్నాను."

"రాంగ్ నంబరమ్మా అన్నాను."

లేచి వచ్చేశాను. సంచి అక్కడే వదిలేశాను.

జూన్ 11

రాంగ్ నంబరు.

జూన్ 12

వెళ్లకూడదు అనుకున్నాను. వెళ్లాను. సంచి నా స్టూలు మీద ఉంది, లోపల చేతిరుమాలు ఉతికి మడిచి ఉంది. ఆ రుమాలు బయటికి తీసి నేల మీద పారేశాను, అందరూ చూస్తుండగా. డ్రైవర్ గారు నాలుగో కప్పుకి చెవి అతుకుతూ ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడ్డారు.

తర్వాత మెట్ల మీద మూడో రోజు చెప్పించుకున్నాను. మధ్యలో ఆవిడ ఏడ్చింది. నేను ఆగలేదు, తర్వాత, తర్వాత అంటూనే ఉన్నాను. ఇవాళ కొత్త సంగతి ఒకటి తెలిసింది. పిచిక అనుకుని అమ్మ ఆవిడకి వదిన గురించే చెప్పుకుందట. మీ వదిన చెయ్యి బరువే గానీ మనసు చెడ్డది కాదే, నేనే ఎప్పుడూ దానితో సరిగ్గా మాట్లాడలేదు అందట. ఆ మాట విని ఆవిడ ఏమీ అనలేకపోయిందట, ఎందుకంటే అప్పుడు ఆవిడ నేను.

"నేనే వదినని అని చెప్పొచ్చు కదా" అన్నాను.

"చెప్తే అత్తయ్య పక్క నుంచి నువ్వు పోతావు కదా" అంది. తిప్పి తిప్పి అర్థం చేసుకోవలసి వచ్చింది ఆ మాట.

నీళ్ల సీసా నా వైపు జరిపింది. తాగాను. ఉక్కగా ఉంది.

జూన్ 15

ఆఖరి రోజు. ఆ రోజు పొద్దుటి నుంచి మొదలుపెట్టింది. డాక్టరు రెండోసారి రావడం, అన్నయ్యకి ఫోన్ చేయడం, అమ్మ పాలు వద్దనడం, కిటికీ తీయమనడం. అన్నీ వరసగా, తడబడకుండా. చీకటి పడే వేళ దాకా వచ్చింది. అన్నయ్య ఇంకా దారిలోనే ఉన్నాడు. గదిలో ఇద్దరే. అమ్మ కళ్లు తెరిచి, ఆవిడ ముఖం వంక చాలాసేపు చూసిందట. జ్వరం తగ్గినట్టు, తెలివొచ్చినట్టు చూసిందట. చూసి ఏదో అంది.

అక్కడ ఆగిపోయింది.

"ఏమంది?"

తల అడ్డంగా ఊపింది.

"పిచికా అందా?"

"లేదు."

మెట్ల కింద సైకిళ్లు తీసుకుని అందరూ వెళ్లిపోతున్నారు. వదిన ఒళ్లో రెండు చేతులూ బిగించి పట్టుకుంది.

"అన్నీ ఇచ్చేశాను నీకు. ఒక్క ముక్క దాచలేదు. ఇది మాత్రం అడక్కు. ఇది పిచికకి చెప్పింది కాదు. నాకు చెప్పింది."

నేను కొంచెం గట్టిగా అడిగితే చెప్పేసేది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఇంకొక్క మాట చాలు. నాకు కావలసింది సరిగ్గా అదే, మొదటి నుంచీ అదే, ఆవిడ దగ్గర ఏమీ మిగలకూడదు.

పొద్దుపోయిందని లేచాను. అంతే. బుధవారం అడుగుతాను.

జూన్ 17

అడగలేదు.